‘బోర్డు రాసేస్తే అంతే’ అన్న మెసేజ్ నమ్మకండి

పర్లాకిమిడి, కాశీనగరం, బరంపురం వైపు మాజీ సైనికుల ఫోన్లలో ఒక మెసేజ్ తిరుగుతోంది. నాకే నాలుగు చోట్ల నుంచి వచ్చింది. అందులో ఉన్నది ఇదీ: “జబ్బు సర్వీసు వల్ల కాదని మెడికల్ బోర్డు రాసేస్తే డిసేబిలిటీ పెన్షన్ ఇక రాదు. అప్పీలుకు ఆరు నెలలే గడువు, దాటితే దారి మూసుకుపోయినట్టే. పీస్ స్టేషన్‌లో వచ్చిన జబ్బు లెక్కలోకి రాదు. ఇరవై శాతం ఇచ్చినా చేతికి ఏమీ మిగలదు. ట్రిబ్యునల్‌లో గెలిచినా ప్రభుత్వం పైకోర్టుకు వెళ్తుంది. లాయర్లకు డబ్బు పొయ్యకండి.”

రాసినవాళ్లు ఆఫీసుల చుట్టూ తిరిగి విసిగిపోయినవాళ్లే అయి ఉంటారు. ఆ బాధ నాకు తెలుసు. కానీ ఇది చదివిన మా చిన్న మావయ్య కాగితాలున్న ట్రంకుపెట్టెను మళ్లీ మంచం కిందికి తోసేశాడు. ఆయన 1986లో సిపాయిగా చేరి, 1998లో ఫిట్స్ వల్ల బోర్డ్ ఔట్ అయ్యాడు, అంటే సర్వీసుకు పనికిరాడని మెడికల్ బోర్డు చెప్పగా బయటికి పంపేశారు. నేను ఆర్మీలో క్లర్కుగా చేసి హవల్దారుగా రిటైరయ్యాను. ఇలాంటి ఫైళ్లు చాలా చూశాను కాబట్టి ఊరుకోలేక రాస్తున్నాను.

అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసేది మొదటి మాటే. ‘నైదర్ అట్రిబ్యూటబుల్ నార్ ఏగ్రవేటెడ్’. ఈ నాలుగు మాటలు బోర్డు కాగితంలో కనిపించగానే మనవాళ్లు ఆశ వదిలేసుకుంటారు. సర్వీసు వల్ల జబ్బు రాలేదు, సర్వీసు వల్ల ముదరనూ లేదు అని దాని అర్థం. అది బోర్డు అభిప్రాయం. దానికి కారణం రాయాలి. కారణం లేకుండా ఆ నాలుగు మాటలే ఉంటే అది నిలబడదు.

ఈ పెన్షన్ ఎవరికి రావాలో చెప్పే 1982 నాటి ఎన్‌టైటిల్‌మెంట్ రూల్స్‌లో ఐదో నియమం చూడండి. చేరేటప్పుడు వైద్య పరీక్ష కాగితాల్లో జబ్బు రాసి లేకపోతే మనిషి ఆరోగ్యంగా చేరినట్టే లెక్క. తొమ్మిదో నియమం ప్రకారం తన హక్కును రుజువు చేసుకోమని సైనికుణ్ణి అడగకూడదు. అనుమానం ఉంటే ఆ లాభం కూడా అతనికే. మావయ్యను చేర్చుకున్నది సైన్యం డాక్టర్లే. కళ్లు, చెవులు, గుండె అన్నీ చూసి బాగున్నాడని రాసింది వాళ్లే. పన్నెండేళ్ల తర్వాత ఇది పుట్టుకతో వచ్చిన తత్వం అని ఒక్క మాటలో తేల్చేస్తే సరిపోదు.

సుప్రీంకోర్టు ధరంవీర్ సింగ్ కేసులో 2013 జూలైలో చెప్పింది ఇదే. ఆయన 1985లో సిగ్నల్స్‌లో చేరాడు, మూర్ఛ వల్ల 1994లో బయటకొచ్చాడు. వైకల్యం 20 శాతం అని వేసి, సర్వీసుతో సంబంధం లేదని రాశారు. హైకోర్టులో ఒకసారి గెలిచి, డివిజన్ బెంచ్ ముందు ఓడిపోయి, చివరికి సుప్రీంకోర్టులో గెలిచాడు. 2015లో రాజ్‌బీర్ సింగ్ కేసుతో కలిపి విన్న ప్రభుత్వ అప్పీళ్లనూ కోర్టు కొట్టేసింది. 1989లో ఫిట్స్‌తోనే బయటికి పంపిన బిజేందర్ సింగ్‌కు 50 శాతం లెక్కన పెన్షన్ ఇమ్మని 2025 ఏప్రిల్‌లో ఆదేశించింది. మావయ్యకు ఈ మూడు పేర్లూ కాగితం మీద రాసిచ్చాను.

అందరూ గెలుస్తారని నేను చెప్పను. మానసిక జబ్బులు చేరేనాటి పరీక్షలో బయటపడకపోవచ్చని 2019లో నర్సింగ్ యాదవ్ కేసులో కోర్టు బోర్డు మాటనే నిలబెట్టింది. సెలవులో ఇంటికొచ్చాక, డ్యూటీతో సంబంధం లేకుండా జరిగిన ప్రమాదానికి పెన్షన్ రాదని 2022లో రామ్ సింగ్ కేసులో చెప్పింది. పైగా 2008 నుంచి, మళ్లీ 2023 సెప్టెంబరు 21 నుంచి సర్వీసు వదిలినవాళ్లకు వేరే రూల్స్. కాబట్టి ముందు మీ డిశ్చార్జి తేదీ చూసుకోండి.

ఆరు నెలల గడువు సంగతి సగం నిజం. అప్పీలుకైనా, సైనికుల కేసులు వినే ఆర్మ్‌డ్ ఫోర్సెస్ ట్రిబ్యునల్‌కైనా ఉన్న గడువు ఆరు నెలలే. అయితే ఆలస్యానికి సరైన కారణం చూపిస్తే మన్నించే అధికారమూ ఉంది. పెన్షన్ నెలనెలా రావాల్సింది, ఆపిన ప్రతి నెలా అన్యాయం కొనసాగుతున్నట్టే. తర్సేమ్ సింగ్ 1983లో బోర్డ్ ఔట్ అయి 1999లో కోర్టుకెళ్లాడు. పదహారేళ్ల ఆలస్యం! 2008లో సుప్రీంకోర్టు పెన్షన్ హక్కు ఒప్పుకుంది, పాత బకాయి మాత్రం కేసు వేసిన నాటి నుంచి వెనక్కి మూడేళ్లకే పరిమితం చేసింది. అంటే దారి మూసుకుపోదు గానీ, ఇంట్లో కూర్చున్న ప్రతి సంవత్సరం బకాయి కరిగిపోయే ప్రమాదం ఉంది. 2008 రూల్స్ కిందకి వచ్చేవాళ్లు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. పదిహేనేళ్లు దాటాక అడిగితే రుజువు భారం మన మీదే పడుతుంది.

పీస్ స్టేషన్ మాట తప్పు. శాంతి ప్రాంతంలో, అంటే యుద్ధం, సరిహద్దు డ్యూటీ లేని చోట, జబ్బు బయటపడిందన్న ఒక్క కారణంతో కాదనలేరని ఢిల్లీ హైకోర్టు 2025లో షుగర్ జబ్బు కేసులో చెప్పింది. గోపాల్‌పూర్ సైనిక కేంద్రంలో గన్ శిక్షణ ఇచ్చేవాడికి టెన్షన్ ఉండదని ఎవరంటారు?

ఇరవై శాతానికి ఏమీ మిగలదన్నది లెక్క తెలియని మాట. బోర్డ్ ఔట్ అయినవాళ్లకు వైకల్యం 50 శాతం లోపు ఉన్నదాన్ని 50గా, 50 నుంచి 75 వరకు ఉన్నదాన్ని 75గా, ఆపైన 100గా తీసుకుంటారు. సర్వీసు పూర్తిచేసి రిటైరైనవాళ్లకూ ఇది వర్తిస్తుందని 2014 డిసెంబరులో రామ్ అవతార్ కేసులో తేలింది. నూరు శాతానికి డిసేబిలిటీ ఎలిమెంట్, అంటే పెన్షన్‌లో వైకల్యానికి ఇచ్చే భాగం, చివరి జీతంలో 30 శాతం. జీతం 20,000 అనుకుంటే 20 శాతానికి నెలకు 1,200. అదే 50కి పెంచితే 3,000. ఒక ముసలాయన నెల మందులకు అది పెద్ద మొత్తం.

ప్రభుత్వం పైకి వెళ్తుందన్నది నిజమే, వెళ్తుంది. కానీ పైన సైనికులు గెలిచిన తీర్పుల్లో చాలావాటికి ప్రభుత్వం వేసిన అప్పీళ్లే మూలం. ఖర్చు భయం ఉన్నవాళ్లు లీగల్ సర్వీసెస్ అథారిటీని అడగొచ్చు. వికలాంగులకు, మహిళలకు ఉచిత న్యాయ సహాయం 1987 చట్టంలోనే ఉంది. సైనికుడు చనిపోతే భార్య, వారసులు కూడా ట్రిబ్యునల్‌కు వెళ్లొచ్చు. మా వీధిలోనే ఇద్దరు పిన్నమ్మలకు ఇది తెలియదు.

మన సరిహద్దు ఊళ్లకు ఇంకో చిక్కు. పర్లాకిమిడిలో ఉంటే ఒడిశా కాబట్టి కోల్‌కతా బెంచ్. ఊరు దాటి పాతపట్నంలో ఉంటే ఆంధ్ర కాబట్టి చెన్నై బెంచ్. రిటైరైనవాళ్లు సాధారణంగా ఉంటున్న ఊరిని బట్టి వేసుకోవచ్చు. ఆధార్‌లో ఒక అడ్రసు, పెన్షన్ కాగితంలో ఇంకో అడ్రసు ఉంటే ముందే సరిచేయించుకోండి.

నిన్న మావయ్యతో కూర్చుని బోర్డు ప్రొసీడింగ్స్ మొత్తం కాపీ కావాలని పది రూపాయల పోస్టల్ ఆర్డరు పెట్టి ఆర్‌టీఐ దరఖాస్తు రాశాం. డిశ్చార్జి బుక్ జిరాక్సు జత చేశాం. ట్రంకుపెట్టె మళ్లీ మంచం మీదికి వచ్చింది. కాపీ రాగానే ముందు చూడాల్సింది, ఆ నాలుగు మాటల పక్కన కారణం రాశారా లేదా అని.