ఆ పది బొమ్మల్లో చెక్క లేదు

తెగ షేర్ అవుతున్న పోస్టు సారాంశం ఇది: “పింగాణీ సామాను చుట్టిన కాగితాలుగా జపాన్ బొమ్మలు యూరప్ చేరాయి. అప్పటిదాకా అక్కడ రంగుల చెక్క అచ్చు తెలీదు. వాటిని చూసి మేరీ కసాట్, తులూజ్-లొట్రెక్, హెన్రీ రివియేర్ చెక్క అచ్చు నేర్చుకున్నారు.” ప్రభావం ఉందన్న మాట నిజమే. మిగతాదే చిక్కు.

ముందు చుట్టుకాగితం కథ. దీనికి మూలం ఫ్రెంచ్ చిత్రకారుడు బ్రాక్‌మోన్. 1856లో పారిస్‌లో దెలాత్ర్ అచ్చుశాలలో ఆయన కంట పడింది జపాన్ చిత్రకారుడు హొకుసాయ్ గీసిన బొమ్మల పుస్తకం ‘మంగా’లో ఒక సంపుటం అంటారు. అది కుట్టిన పుస్తకం, విడి చిత్తుకాగితం కాదు. అప్పటికే జపాన్‌లో పనిచేసి వచ్చిన జర్మన్ వైద్యుడు సీబోల్డ్ అక్కడి నుంచి తెచ్చిన బొమ్మలు నెదర్లాండ్స్‌లోని లైడెన్‌లో ఉన్నాయి. ఆ తర్వాత వచ్చినవి అంగట్లో సరుకుగానే వచ్చాయి: వాన్ గో 1886-87 చలికాలంలో పారిస్‌లో జపాన్ సరుకు అమ్మే బింగ్ దుకాణంలో వందల లెక్కన కొన్నాడు.

రంగుల చెక్క అచ్చు తెలీదన్నదీ తప్పే. 16వ శతాబ్దంలోనే జర్మనీలో బుర్గ్‌మైర్, ఇటలీలో ఉగో ద కార్పి గీతకు ఒక చెక్క దిమ్మె, ఛాయలకు వేరే దిమ్మెలు పెట్టి అచ్చు వేశారు.

ఇక పారిస్‌లో ఉన్న అమెరికన్ చిత్రకారిణి కసాట్. 1890లో పారిస్‌లో జరిగిన పెద్ద జపాన్ బొమ్మల ప్రదర్శన చూశాక ఆమె పది రంగుల బొమ్మలు చేసి 1891లో ప్రదర్శించింది. ఒక్కొక్కటి 25 ప్రతులు. కవరు అంచు నాలుకతో తడుపుతున్న ఆడమనిషి బొమ్మ అందులోదే. నీడల్లేని చదును రంగులు, పూల కాగితం గోడ... జపాన్ చిత్రకారుడు ఉటమారో గుర్తుకు రాకమానడు. కానీ పని మొత్తం రాగి రేకుల మీద, బొమ్మకు మూడు రేకులకు మించకుండా. గీత డ్రైపాయింట్, అంటే సూదితో నేరుగా రేకును గీకడం. చదును రంగు కావలసిన చోట ఆక్వాటింట్: రోజిన్ (పైన్ చెట్టు బంక) పొడి చల్లి, రేకును వేడిచేసి అతికించి, యాసిడ్‌లో ముంచాలి. వేడి చాలకపోతే గింజలు ఊడిపోయి రంగు మచ్చలు మచ్చలుగా పడుతుంది. ఎక్కువైతే అన్నీ కరిగి పొరలా కప్పేస్తాయి, యాసిడ్ లోపలికి దిగదు. తర్వాత రేకు మీదే చోటు చోటుకీ రంగు పూయాలి, అదీ ప్రతి ప్రతికీ కొత్తగా. సూది లేపిన గరుకు అంచు ప్రెస్ ఒత్తిడికి త్వరగా అరిగిపోతుంది. డ్రైపాయింట్‌లో ప్రతులు కొద్దిగానే తీసేది అందుకే.

అసలు బొమ్మ చేతికొస్తే తేడా కనిపెట్టడం కష్టం కాదు. రాగి అచ్చయితే చుట్టూ రేకు అంచు నొక్కుకున్న గాడి ఉంటుంది. జపాన్ పద్ధతి అచ్చయితే వెనక్కి తిప్పండి: కాగితంలోకి ఇంకిన రంగు, బారెన్‌తో (కాగితాన్ని వెనకనుంచి రుద్దే చేతి మెత్తతో) రుద్దిన జాడలు కనిపిస్తాయి.

లొట్రెక్‌ది రాతి అచ్చు, లితోగ్రఫీ. ఆయన పోస్టర్లలో తుంపరలా పడే చుక్కలు బ్రష్‌తో సిరా చిమ్మి రాబట్టినవి. ఉలితో చెక్కేవి కావు.

రివియేర్ విషయంలో మాత్రం పోస్టు సగం ఒప్పు. ఫ్రాన్స్‌లోని బ్రిటనీ దృశ్యాలను ఆయన నిజంగానే చెక్క మీద చెక్కి, నీటి రంగులతో తానే అచ్చు వేశాడు. అయితే అందరూ షేర్ చేసే ఐఫిల్ టవర్ 36 దృశ్యాలు (1902) లితోగ్రాఫులు.

చెక్క అచ్చును పట్టుగా నేర్చుకున్న బాటెన్, మోర్లీ ఫ్లెచర్ పేర్లు ఆ పోస్టులో లేనే లేవు. ఇంగ్లండ్‌లో 1890లలో వీళ్లకు దారి చూపింది బొమ్మలొక్కటే కాదు, జపాన్ చెక్క అచ్చు పద్ధతి మీద టొకునో రాయగా అమెరికాలోని స్మిత్‌సోనియన్ సంస్థ అచ్చువేసిన నివేదిక కూడా. బొమ్మను ఎంతసేపు చూసినా పనితనం బయటపడదు మరి. రంగులు ఒకదాని మీద ఒకటి సరిగ్గా కూర్చోవడానికి దిమ్మెలోనే రెండు గుర్తులు చెక్కుతారు: మూలన ఎల్ ఆకారంలో ఒకటి, అంచు వెంట తిన్నగా ఇంకొకటి. వాటినే కెంటో అంటారు. రంగులో బియ్యప్పిండి జిగురు తగ్గితే నువ్వులు చల్లినట్టు చుక్కలు పడతాయి. కాగితం తడి ఎక్కువైతే రంగు గీత దాటి పాకుతుంది. పని మధ్యలో ఆరితే కాగితం కుంచించుకుపోయి, కెంటో ఎంత సరిగ్గా చెక్కినా తర్వాతి రంగు పక్కకు జరుగుతుంది.