టేకాఫ్ తర్వాత కొండల సంగతి రాడార్ చూసుకుంటుందా?

బెంగళూరు మారతహళ్లిలో మా అపార్ట్‌మెంట్ తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూప్‌లో ఒక ఫార్వర్డ్ మూడోసారి తిరుగుతోంది. "టేకాఫ్ తర్వాత పైలట్లు చార్ట్‌లో గీసిన దారినే పోవాలన్నది ఉత్త ఫార్మాలిటీ. అదంతా సౌండ్ తగ్గించడానికి, విమానాల ట్రాఫిక్ కోసమే. కొండ ఉంటే కింద నుంచి విమానాలను నడిపించే కంట్రోలర్ రాడార్‌లో చూసి చెబుతాడు, లేదా విమానంలో వార్నింగ్ మోగుతుంది" అని. టేకాఫ్ లెక్కలే నా ఉద్యోగం, అందుకే ఊరుకోలేకపోతున్నాను.

"ట్రాఫిక్ కోసమే": బెంగళూరు విషయంలో ఇది చాలావరకు నిజమే. నంది కొండ విమానాశ్రయానికి ఉత్తరాన ఉంది, మన రన్‌వేలు తూర్పు పడమరలుగా ఉన్నాయి. కానీ ఆ దారి గీసేటప్పుడు మొదట చూసేది అడ్డంకులనే. మామూలుగా విమానం 3.3 శాతం వాలుతో పైకెక్కాలి, అంటే కిలోమీటరు ముందుకు పోతే కనీసం 33 మీటర్లు పైకి. కొండల మధ్య అది చాలకపోతే ఎంత కావాలో చార్ట్‌లోనే రాస్తారు. పైగా ఈ లెక్క ఇంజిన్లన్నీ పనిచేస్తున్నప్పటిది. రెండు ఇంజిన్ల విమానంలో ఒకటి ఆగితే, ఒక దశలో నిబంధన అడిగే కనీస వాలు 2.4 శాతమే. అందుకే లేహ్, ఖాట్మండూ లాంటి చోట్ల ఇంజిన్ ఆగితే ఎటు తిరగాలో వేరే దారి ముందే సిద్ధం చేసుకుంటారు. ఆ టెన్షన్‌లో కూర్చుని కొత్త దారి వెతికే టైమ్ ఉండదు.

"కంట్రోలర్ చెబుతాడు": అమెరికాలో శాన్‌డియాగో దగ్గర బ్రౌన్‌ఫీల్డ్ నుంచి 1991 మార్చిలో రాత్రిపూట ఒక చిన్న జెట్ ఎగిరింది. చార్ట్‌లో ప్రచురించిన దారి పట్టుకోకుండా, పైలట్లు కంటిచూపు నిబంధనల కింద (అంటే బయటకు చూసుకుంటూ) 3,000 అడుగుల ఎత్తు లోపు పోదామనుకున్నారు. ఎదురుగా ఉన్న ఓటే కొండ 3,500 అడుగులు దాటుతుంది. పదిమంది పోయారు. 2004 అక్టోబరులో అదే చోటు నుంచి, అలాగే రాత్రిపూట బయల్దేరిన ఇంకో జెట్ అదే కొండను గుద్దింది. ఈసారి ఐదుగురు. అప్పుడు విమానం రాడార్‌లో కనిపిస్తూనే ఉంది, కంట్రోలర్ దగ్గర ఎత్తు తక్కువన్న హెచ్చరిక కూడా వచ్చింది. అది పైలట్లకు చేరలేదు.

"వార్నింగ్ మోగుతుంది": మోగుతుంది, అప్పటికే దారి తప్పాక. వంటింట్లో పొగ అలారం ఉందని స్టవ్ మీద నూనె వదిలేసి బజారుకు పోతామా?

మూడుసార్లు పంపినాయన మా పక్క ఫ్లాట్ అన్నయ్యే. నాలుగోసారి పంపేలోపు ఇది చదువుతారని ఆశ.