ముందు వరస కుర్చీ

మొన్న మన తెలుగు సంఘం వార్షికోత్సవంలో నాకు ముందు వరసలో కుర్చీ వేశారు. ముఖ్య అతిథికీ, దాతలకూ వేసే వరస అది. నేను దాతను కాను. పద్నాలుగు నెలల కిందట హార్ట్ ఎటాక్ వచ్చి బతికి బయటపడ్డవాణ్ణి, అంతే. ఆ సంగతే మైకులో "మృత్యుంజయుడు" అంటూ ప్రకటించారు. చప్పట్లు కొట్టారు. లేచి దణ్ణం పెట్టబోతే పక్కనున్న కుర్రాడు భుజం పట్టుకుని "లేవకండి అంకుల్, ఫర్వాలేదు" అని కూర్చోబెట్టాడు.

అదంటే నవ్వుకుని ఊరుకోవచ్చు. నాకు చివుక్కుమన్నది పొద్దున జరిగినదానికి. హాలు సర్దే బ్యాచ్‌లో పదకొండేళ్లుగా ఉన్నాను. స్టోర్ రూములోంచి మడత కుర్చీలు చేతికొకటి చొప్పున మోసుకొచ్చి వరసలు వెయ్యడం, ఆ చివర నిలబడి వంకర సరిచెయ్యడం నా పని. ఈసారి వాలంటీర్ల లిస్టులో నా పేరు లేదు. మర్చిపోయారేమో అనుకుని ఎప్పటిలా వెళ్లాను. కుర్చీలు ఎత్తానో లేదో నలుగురు పరుగెత్తుకొచ్చారు. "అన్నయ్యా, మీరు ఇలాంటివి చెయ్యకూడదు, మేమున్నాం కదా" అంటూ చేతిలోవి లాక్కున్నారు. సాయంత్రం నాటికలోనూ అదే వరస. నేనెప్పుడూ వేసే తగువులమారి మామగారి వేషం ఇంకొకరికి ఇచ్చారు. అరుపులుంటాయి కదా, నేను టెన్షన్ పడకూడదట. ఆయన బాగానే చేశాడు. రెండు చోట్ల డైలాగు మింగేశాడు, అది వేరే సంగతి.

ఎవరినీ తప్పు పట్టలేను, ఎందుకంటే ఈ పని నేనూ చేశాను. కార్యదర్శిగా ఉన్న రోజుల్లో అప్పటి కోశాధికారికి బైపాస్ అయింది. పరామర్శకు వెళ్లి, "మీరు విశ్రాంతి తీసుకోండి, ఇవన్నీ మేం చూసుకుంటాం" అని లెక్కల పుస్తకాలు తెచ్చేసుకున్నాను. ఆయన అట్టపెట్టె తెచ్చి నా చేతిలో పెట్టాడు. ఒక్కో ఏడాది రసీదులకు ఒక్కో రంగు రబ్బరు బ్యాండు. మూత వేసేముందు ఒకసారి లోపలికి చూసుకున్నాడు, ఏమీ అనలేదు. తర్వాత మీటింగులకు రావడం తగ్గించాడు. "పాపం, ఒంట్లో బాగుండటం లేదేమో" అనుకున్నాం. బాగానే ఉన్నారా అని ఒక్కరం అడగలేదు.

ఒకప్పుడు డాక్టర్లే ఇలా ఉండేవారు. గుండెపోటు వచ్చినవాణ్ణి నాలుగు నుంచి ఆరు వారాలు మంచం దిగనిచ్చేవారు కాదు. దెబ్బతిన్న కండరం మచ్చకట్టి గట్టిపడేదాకా కదిలితే ప్రమాదమని భయం. తీరా కదలకుండా పడుకోబెట్టినందుకే కాళ్లలో రక్తం గడ్డకట్టి, అది ఊపిరితిత్తులకు చేరి పోయినవాళ్లున్నారు. బోస్టన్‌లో శామ్యూల్ లెవైన్, బెర్నార్డ్ లౌన్ అనే ఇద్దరు డాక్టర్లు రోగుల్ని మొదటి రోజుల్లోనే మంచం దింపి చేతుల కుర్చీలో కూర్చోబెట్టి, ఫలితాలు 1952లో ప్రచురించారు. 1955లో అమెరికా అధ్యక్షుడు ఐసెన్‌హోవర్‌కు గుండెపోటు వచ్చినప్పుడు, చూసిన డాక్టర్లలో పాల్ డడ్లీ వైట్ ఒకడు. గుండెకు నడక మంచిదని, కోలుకున్నాక మళ్లీ పనిలోకి వెళ్లొచ్చని నమ్మినవాడు. మరుసటేడు ఐసెన్‌హోవర్ ఎన్నికల్లో నిలబడి గెలిచాడు కూడా. ఆ రోజుల్లో మంచం మీంచి కుర్చీలోకి రావడమే విడుదల. డెబ్బై ఏళ్లు గడిచాక మనవాళ్లు నన్ను తెచ్చి మళ్లీ ఆ కుర్చీలోనే దించారు.

నా తెలివీ ఏమంత గొప్పగా లేదు. మూసుకుపోయిన రక్తనాళంలో స్టెంట్ వేసి ఇంటికి పంపేటప్పుడు కార్డియాక్ రిహాబ్‌కు, అంటే గుండెపోటు తర్వాత వ్యాయామం, జాగ్రత్తలు నేర్పే క్లాసులకు, వెళ్లమని కాగితం ఇచ్చారు. ఐదు వారాలు అది సొరుగులో పడి ఉంది. అడ్డు తీసేశారు, ఇంకా ఈ క్లాసులెందుకు అని నా ధీమా. స్టెంట్ తెరిచేది ఆ ఒక్క చోటునే, జబ్బు రక్తనాళాలన్నిటిదీ అని అప్పట్లో బుర్రకెక్కలేదు. తెలుగులో దీన్ని పునరావాసం అంటారు. ప్రాజెక్టు కింద ఇల్లు మునిగినవాళ్ల మాటలా ఉంటుంది, ఇల్లున్నవాణ్ణి, నాకెందుకనుకున్నాను!

ఆ ఐదు వారాలు ఎలా గడిచాయో చెప్పాలి. ఛాతీలో ఏ మూల చిన్నగా పొడిచినా అయిపోయిందనుకునేవాణ్ణి. అర్ధరాత్రి మెలకువ వస్తే మా ఆవిడ వేలు నా ముక్కు కింద ఉండేది. ఊపిరి ఆడుతోందో లేదో చూసుకుంటోంది. నేను నిద్ర నటిస్తూ, ఆవిడకు తెలియాలని గాలి కొంచెం గట్టిగా వదిలేవాణ్ణి. పలకరించడానికి వచ్చిన ప్రతివాళ్లూ ఒక చనిపోయిన మనిషిని వెంటబెట్టుకొచ్చారు. "మా బావమరిదీ ఇంతే, నవ్వుతూ తిరిగాడు, నలభయ్యో రోజున..." అంటూ. అయినా వచ్చారు. నైట్ డ్యూటీ దిగి నిద్ర మానుకుని వచ్చినవాళ్లున్నారు. రెండు గంటలు డ్రైవ్ చేసి వచ్చి పది నిమిషాలు కూర్చుని వెళ్లినవాళ్లున్నారు. వాళ్లు వెళ్లాక బాత్రూములో కుళాయి తిప్పి ఏడ్చేవాణ్ణి. అది నా పిరికితనం అనుకున్నాను. గుండెపోటు వచ్చినవాళ్లలో సుమారు ఐదుగురిలో ఒకరికి డిప్రెషన్ వస్తుందని, దాన్ని వదిలేస్తే గుండెకూ మంచిది కాదని తర్వాత క్లాసులో చెప్పారు.

చివరికి మా అమ్మాయి ఆ కాగితం చూసి, కారులో కూర్చోబెట్టి తీసుకెళ్లింది. ఛాతీ మీద అక్కడక్కడ గొరిగి, ఈసీజీ తీగలు అంటించి ట్రెడ్‌మిల్ ఎక్కించారు. గోడకు ఒక పట్టిక ఉంది, ఆరు నుంచి ఇరవై దాకా అంకెలు. ఎంత కష్టంగా ఉందో మనమే అంకె చెప్పాలి. గున్నార్ బోర్గ్ అనే స్వీడన్ సైకాలజిస్టు తయారుచేశాడట. ఆరోగ్యంగా ఉన్నవాళ్లలో ఆ అంకెను పదితో హెచ్చవేస్తే గుండె వేగానికి దగ్గరగా వస్తుంది. మాలాగా గుండె వేగం తగ్గించే బీటా బ్లాకర్ మాత్రలు వేసుకునేవాళ్లకు ఆ లెక్క కుదరదు, అందుకే మన నోటి మాటకు అంత విలువ. నర్సు అడిగింది. రొప్పుతూనే "తొమ్మిది" అన్నాను. ఎవరడిగినా బాగున్నాననడం మనకు అలవాటు కదా. ఆవిడ నా మొహం చూసి, వేగం తగ్గించి, "నాకోసం కాదు, నిజం చెప్పండి" అంది. "పదిహేను" అన్నాను. గుండెపోటు తర్వాత ఎవరితోనైనా నేను చెప్పిన మొదటి నిజం అదేననుకుంటాను.

తర్వాత వారానికి మూడు రోజులు, పన్నెండు వారాలు. వ్యాయామం సగమే. మిగతాది మాత్రలు ఎందుకు మానకూడదో, ఏ నొప్పికి ఆగాలో, ఏ నొప్పికి అంబులెన్సు పిలవాలో చెప్పడం. ఒక రోజు దాంపత్యం సంగతీ వచ్చింది. రెండంతస్తుల మెట్లు నొప్పీ ఆయాసమూ లేకుండా ఎక్కగలిగితే మామూలుగా భయపడక్కర్లేదని, ఛాతీ నొప్పికి ఇచ్చే నైట్రేట్ మందులు వాడేవాళ్లు మాత్రం వయాగ్రా లాంటివాటి జోలికి పోకూడదని, రెండూ కలిస్తే బీపీ ప్రమాదకరంగా పడిపోతుందని చెప్పింది నర్సు. మగవాళ్లందరం నేల చూపులు చూశాం. ఆ సాయంత్రం లిఫ్టు ఖాళీగా ఉన్నా ఇద్దరు మెట్లెక్కి కార్ల దగ్గరికి వెళ్లారు. ఆ ఇద్దరిలో నేనున్నానో లేదో మీకెందుకు.

ఎనిమిదో వారానికి చేతికి ఐదు కిలోల డంబెల్స్ ఇచ్చారు. వార్షికోత్సవం మర్నాడు ఉక్రోషం ఆపుకోలేక మన హాలు కుర్చీ ఒకటి ఇంటికి తెచ్చి తూచాను. నాలుగు కిలోల రెండు వందల గ్రాములు. తిరిగి పెట్టేశాను, ఆస్తుల జాబితా రాసేవాళ్లు కంగారు పడకండి.

ఇది నా ఒక్కడి గొప్ప కాదు. వైద్య పరిశోధనలను కలిపి తూచే కోక్రేన్ సంస్థ 2021లో తెచ్చిన సమీక్ష 85 ప్రయోగాలను కలిపి చూసింది. వ్యాయామంతో కూడిన రిహాబ్ వల్ల గుండె జబ్బుతో చనిపోవడం, మళ్లీ ఎటాక్ రావడం, ఆస్పత్రి పాలవడం తగ్గుతాయని తేల్చింది. మన యోగా చాలదా అనేవాళ్లున్నారు. ఇండియాలో 24 ఆస్పత్రుల్లో దాదాపు నాలుగు వేల మంది మీద యోగాతో రిహాబ్ చేయించి చూశారు, 2020లో ఫలితాలు వచ్చాయి. మరణాలు, మళ్లీ ఎటాక్‌ల లెక్కలో తేడా ఉందని తేలలేదు. కానీ యోగా చేసినవాళ్లకు తమ ఆరోగ్యం మెరుగ్గా అనిపించింది, పాత పనుల్లోకి ఎక్కువగా తిరిగి వెళ్లగలిగారు. నాకు ఆ రెండోది చిన్న విషయంగా కనిపించడం లేదు.

మీ భయం వట్టిదని అనను. బైపాస్ అయినవాళ్లకు ఛాతీ ఎముక అతికేదాకా, అంటే రెండు మూడు నెలలు, బరువులు నిజంగానే కూడదు. గుండె పంపింగ్ బాగా తగ్గినవాళ్ల హద్దు వేరు. ఆ హద్దు పరీక్ష చేసి డాక్టరు గీయాలి, వాట్సాప్ గ్రూపు గీస్తే ఎలా? మనకు ఇది దూరపు చుట్టం కూడా కాదు. 52 దేశాల్లో చేసిన ఇంటర్‌హార్ట్ అధ్యయనంలో దక్షిణాసియా వాళ్లకు మొదటి గుండెపోటు సగటున 53 ఏళ్లకే వచ్చింది, మిగతావాళ్లకు దాదాపు 59. అంటే మనవాళ్లలో చాలామందికి ఎటాక్ తర్వాత ఇంకా ఎంతో కాలం ముందుంది. అంతకాలం ముందు వరసలో కూర్చోబెడతారా?

మా రిహాబ్ బ్యాచ్‌లో తొమ్మిది మందిమి, ఆడవాళ్లు ఇద్దరే. మనవాళ్లలో గుండెపోటు వచ్చిన ఆడవాళ్లు ముగ్గురు నాకు తెలుసు, ఒక్కరూ క్లాసుకు వెళ్లలేదు. "ఇంటి చాకిరీ చాలదా ఎక్సర్‌సైజుకి" అంది ఒకావిడ. పిల్లల దగ్గరికి వచ్చి ఉంటున్న పెద్దవాళ్ల కష్టం ఇంకోరకం. తీసుకెళ్లేవాళ్లుండరు, నర్సు అడిగే అంకె అర్థం కాదు.

మనం ఏటా హెల్త్ క్యాంపు పెడతాం. బీపీ చూస్తాం, షుగర్ చూస్తాం, సీపీఆర్ నేర్పుతాం. ఈ ఏడాది ఒక బల్ల ఎక్కువ వెయ్యండి. ఎటాక్ వచ్చిపోయినవాళ్లను "రిహాబ్‌కు వెళ్లారా?" అని అడగడానికి. వెళ్లకపోతే కారులో దింపడానికి నలుగురు, పక్కన కూర్చుని తెలుగులో చెప్పడానికి ఇద్దరు. మంగళ, గురువారాలు నా కారు ఖాళీగానే ఉంటుంది. అప్పటి కోశాధికారి ఇంటికి వెళ్లొచ్చాను. క్యాంపు లెక్కలు చూస్తానన్నాడు, రబ్బరు బ్యాండులు తనే తెచ్చుకుంటాడట.

వచ్చే నెల కార్యక్రమానికి హాలు సర్దేవాళ్లు కావాలని నిన్న గ్రూపులో పెట్టారు. ఏడో నంబరు దగ్గర నా పేరు రాశాను. దయచేసి కొట్టేయకండి.