నా బ్యాగ్‌లో 13 డిగ్రీల ఖాళీ
గోల్ఫ్‌లో ప్రో ప్లేయర్ బ్యాగ్ చూస్తే మన క్లబ్బుల (బంతిని కొట్టే కర్రల) సంగతి మనకే తెలుస్తుందని ఒక పోస్టులో రాశారు, నిజమే, కానీ నాకు పనికొచ్చింది ఆ ప్లేయర్ వాడే కంపెనీ పేరు కాదు, లాఫ్ట్‌ల లెక్క. లాఫ్ట్ అంటే క్లబ్ ముఖం ఎన్ని డిగ్రీలు వాలి ఉందో, అది పెరిగే కొద్దీ బంతి పైకి లేచి తక్కువ దూరం పోతుంది. టైగర్ వుడ్స్ వెడ్జ్‌లు (దగ్గరి దూరాలకు వాడే, లాఫ్ట్ ఎక్కువున్న క్లబ్బులు) 56, 60 డిగ్రీలని చదివి నేనూ అవే కొనేశాను, అదేమన్నా మామూలు రేటా! అయినా 100 గజాల దూరం మిగిలితే చాలు, టెన్షన్. సెట్‌తో వచ్చిన పిచింగ్ వెడ్జ్‌తో కొడితే బంతి గ్రీన్ (హోల్ చుట్టూ ఉండే నున్నటి గడ్డి) దాటిపోయేది, 56తో కొడితే ముందున్న బంకర్లో, అంటే ఇసుక గుంటలో పడేది. చివరికి ఆటగాడికి తగ్గట్టు క్లబ్బులు సరిచూసే ఫిటింగ్ అతను కొలిచి చూస్తే తేలిందేంటంటే నా పిచింగ్ వెడ్జ్ 43 డిగ్రీలు, దూరం పోవాలని ఇప్పటి సెట్లలో లాఫ్ట్ అలా తగ్గించేస్తారట, ప్రోలు వాడే బ్లేడ్లలో (సన్నటి తలలున్న ఐరన్ క్లబ్బుల్లో) అది 47, 48 దగ్గర ఉంటుంది. అంటే నాకు 43 తర్వాత నేరుగా 56, మధ్యలో ఏమీ లేదు. బ్యాగ్‌లో 14 క్లబ్బులు మించకూడదు కాబట్టి 60ని అటకెక్కించి 49 డిగ్రీల వెడ్జ్ ఒకటి వేసుకున్నాను. అమెరికన్ ప్రో బ్రైసన్ డిషాంబో ఐరన్లన్నీ ఒకే పొడవని తెలిసి మా ఫ్రెండ్ కూడా అలాంటి సెట్టే కొన్నాడు, ఇప్పుడు అమ్మకానికి పెట్టాడు. గ్రీన్ మీద బంతిని హోల్‌లోకి దొర్లించే పుటర్ ఏది వాడాలన్న సంగతి మాత్రం నాకింకా తేలలేదు.