తలుపు చప్పుడు ఒకటైనంత మాత్రాన దొంగతనం కాదు

రెండు గేముల దృశ్యాలను పక్కపక్కన పెట్టి, రెండింటిలోనూ ఒకే తలుపు చప్పుడో ఒకే అరుపో వినిపించి, "చూశారా, కాపీ కొట్టారు" అని తేల్చేసే చిన్న వీడియోలు విపరీతంగా తిరుగుతున్నాయి. వాటి వాదన ఇది: ఒకే శబ్దం రెండు గేముల్లో వినిపిస్తే తరువాత వచ్చినది ముందుదాని నుంచి దొంగిలించినట్లే, సొంతంగా రికార్డు చేసుకోని బృందానికి బద్ధకం, దీన్ని పట్టుకోవడానికి చెవి చాలు, వేరే రుజువు అక్కర్లేదు. మూడు మాటలూ తప్పే. డబ్బు కట్టి, లైసెన్స్ తీసుకుని నిజాయితీగా పనిచేసిన సౌండ్ డిజైనర్ల మీద దొంగ అన్న ముద్ర పడుతోంది కాబట్టి వీటిని ఊరికే వదిలేయకూడదు.

మొదట దొంగతనం సంగతి. కెనడాలోని సౌండ్ ఐడియాస్ అనే సంస్థ వ్యాపారమే శబ్దాలు అమ్మడం. తలుపులు, ఉరుములు, జంతువుల కూతలు, యంత్రాల మోతలు రికార్డు చేసి, ఒక్కోదానికి పేరూ సంఖ్యా ఇచ్చి సీడీల మీద అమ్మేది. 'సిరీస్ 6000' పేరుతో వచ్చిన దాని పెద్ద సంకలనం 1990లలో సినిమా, టీవీ, గేమ్ స్టూడియోల్లో విరివిగా వాడుకలో ఉండేది. హాలీవుడ్ ఎడ్జ్ అనే మరో సంస్థ కూడా ఇలాంటి శబ్దాల సంకలనాలే, అంటే లైబ్రరీలే అమ్మింది. ఒకసారి కొన్నవాళ్లు తమ సినిమాలో, గేమ్‌లో ఆ శబ్దాన్ని వాడుకోవచ్చు. అయితే శబ్దం వాళ్ల సొంతం కాదు. అదే హక్కును లైబ్రరీ రేపు ఇంకొకరికి అమ్ముతుంది, ఎల్లుండి మరొకరికి అమ్ముతుంది. ఒకే ఫాంటులో అచ్చయిన రెండు శుభలేఖలను చూసి రెండో పెళ్లివారిని దొంగలని ఎవరూ అనరు కదా.

1993 డిసెంబరులో ఇడ్ సాఫ్ట్‌వేర్ విడుదల చేసిన 'డూమ్' గేమ్ ఇందుకు అందరికీ తెలిసిన ఉదాహరణ. దానికి సంగీతమూ శబ్దాలూ సమకూర్చినది బాబీ ప్రిన్స్. అందులో బరువుగా పైకి లేచే తలుపు చప్పుడును ఆ తరం ఆటగాళ్లు నిద్రలో కూడా గుర్తుపడతారు. ఆ చప్పుడు సౌండ్ ఐడియాస్ లైబ్రరీలోనిది. అందుకే తరువాతి గేముల్లోనే కాదు, టీవీ కార్యక్రమాల్లోనూ సినిమాల్లోనూ అది వినిపిస్తూనే ఉంది. వాళ్లంతా 'డూమ్' ఫైళ్లు విప్పి శబ్దం లాక్కోలేదు. 'డూమ్' ఏ అంగడికి వెళ్లిందో వాళ్లూ అక్కడికే వెళ్లారు.

'ముందు వచ్చినదే అసలుది' అన్న నమ్మకం కూడా ఇక్కడే కూలిపోతుంది. మనం ముందుగా విన్నది ముందుగా పుట్టినట్లు అనిపించడం సహజమే, కానీ అది మన జ్ఞాపకాల వరుస, శబ్దం చరిత్ర కాదు. ఎన్నో సినిమాల్లో వినిపించే, 'విల్‌హెల్మ్ అరుపు' అని పేరుపడ్డ కేకను చాలామంది 1977 నాటి 'స్టార్ వార్స్' సొత్తు అనుకుంటారు. నిజానికి దాన్ని 1951లో వార్నర్ బ్రదర్స్ వారి 'డిస్టెంట్ డ్రమ్స్' అనే సినిమా కోసం, మొసలి నోట చిక్కిన మనిషి అరుపుగా రికార్డు చేశారు. 1953లో వచ్చిన మరో సినిమాలో విల్‌హెల్మ్ అనే సైనికుడి పాత్రకు దాన్ని వాడారు, ఆ పాత్ర పేరే అరుపుకు స్థిరపడింది. సౌండ్ డిజైనర్ బెన్ బర్ట్ పాత నిల్వల్లో దాన్ని వెదికి పట్టుకుని 'స్టార్ వార్స్'లో పెట్టాడు. ఈ అరుపు వినిపించిన ఒక గేమ్‌ను చూపించి, అంతకంటే పాత గేమ్ నుంచి ఎత్తుకొచ్చారని అనేవాళ్లు ఆ పాత గేమ్ పుట్టడానికి ముందున్న దశాబ్దాలను లెక్కలోకే తీసుకోవడం లేదు.

ఇక బద్ధకం. నాకు అన్నిటికంటే బాధ కలిగించే మాట ఇదే. లైబ్రరీలో వేల శబ్దాలు ఉంటాయి. వాటిలోంచి ఒకదాన్ని ఎంచుకోవడం, కత్తిరించడం, వేగం తగ్గించడం, మరో రెండు శబ్దాలతో కలిపి దృశ్యానికి అతికేలా చేయడం, ఇదంతా సౌండ్ డిజైన్ అనే పనిలో భాగం. 'డూమ్'లో మన కంటికి కనబడకుండా గోడ వెనక గొణిగే రాక్షసుల గొంతుల్లో ఒంటె గొంతు ఉంది. లైబ్రరీలో అది ఒంటె శబ్దంగానే నమోదైంది. దాన్ని విని, చీకటి నడవాలో ఆటగాడి వెన్ను జలదరింపజేసే పిశాచం అందులో ఉందని గుర్తించిన చెవి బాబీ ప్రిన్స్‌ది. ఆ తరువాత ఏ సినిమాలోనైనా నిజమైన ఒంటె నోరు తెరిస్తే 'డూమ్' ఆడినవాళ్లు ఉలిక్కిపడటం ఆయన ప్రతిభకు నిదర్శనం. దాన్ని బద్ధకం అనడానికి నోరెలా వస్తుంది?

పైగా ఆ రోజుల్లో చోటు కరువు. 'సూపర్ మారియో 64' మొత్తం 8 మెగాబైట్ల కార్ట్రిడ్జ్‌లో (గేమ్ నింపి అమ్మే చిన్న పెట్టెలో) ఒదిగిన గేమ్. అందులో బూ అనే బుల్లి దయ్యం నవ్వు వేరే రికార్డింగ్ కాదు, విలన్ బౌజర్ నవ్వునే పిచ్ (స్వర స్థాయి) పెంచి వినిపించారు. ఒకే గేమ్‌లో, ఒకే నవ్వుతో ఇద్దరు! చాలామంది ఆటగాళ్లు గమనించనే లేదు.

చెవి చాలన్న మాట గురించి. చెవి అనుమానం వరకే తీసుకెళ్తుంది, ఆపైన ఫైళ్లు చూడాలి. కంకర మీద అడుగుల చప్పుళ్లు, గాజు పగిలిన శబ్దాలు వేర్వేరు చోట్ల రికార్డు చేసినా ఒకేలా తోస్తాయి. ఒకే సింథసైజర్‌లో (ధ్వనులు పుట్టించే ఎలక్ట్రానిక్ వాద్యంలో) ముందే సిద్ధంగా ఉంచిన ఒకే ధ్వనిని, అంటే ఒకే ప్రీసెట్‌ను వాడిన ఇద్దరికి ఒకదాన్నొకటి చూడకుండానే ఒకే ధ్వని వస్తుంది. నిజంగా తేల్చుకోవాలనుకుంటే ఆడాసిటీ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌తోనే ఇంట్లో చేయవచ్చు. రెండు క్లిప్పులనూ ఒకే క్షణం నుంచి మొదలయ్యేలా అమర్చి, ఒకదాని తరంగాన్ని తలకిందులు చేసి కలపాలి. ఒకే ఫైలు అయితే రెండూ ఒకదాన్నొకటి రద్దు చేసుకుని నిశ్శబ్దం మిగులుతుంది. మిగలకపోయినా వేర్వేరు శబ్దాలని తేలిపోదు, ఎందుకంటే వేగం, వాల్యూమ్ ఏ కాస్త మారినా ఈ పరీక్ష విఫలమవుతుంది. అప్పుడు స్పెక్ట్రోగ్రామ్, అంటే శబ్దంలోని హెచ్చుతగ్గు స్వరాలు క్షణక్షణం ఎలా మారాయో చూపే చిత్రం చూడాలి. శబ్దం ఎక్కడ తడబడింది, గది ప్రతిధ్వని ఎంతసేపు సాగింది, వెనక ఏ మోత ఉంది అన్న గుర్తులు పిచ్ మార్చినా తమ వరుసను నిలుపుకుంటాయి. 'డూమ్' శబ్దాలు 8 బిట్లలో, సెకనుకు 11,025 నమూనాలతో నిల్వ అయ్యాయి. సీడీలో అది 44,100. నమూనాల లెక్కలో సగానికి మించిన పౌనఃపున్యాలు నిలవవు, అంటే దాదాపు 5,500 హెర్ట్జ్‌కు పైనున్నదంతా గేమ్‌లో పోయింది. లైబ్రరీ సీడీతో పోల్చేటప్పుడు ఈ సంగతి తెలియకపోతే ఒకే శబ్దాన్ని రెండుగా పొరబడతాం.

అలాగని లైబ్రరీ అనే మాట అన్ని తప్పులనూ కడిగేయదు. 1998 నాటి 'జెల్డా: ఒకారినా ఆఫ్ టైమ్' తొలి కార్ట్రిడ్జ్‌లలో ఫైర్ టెంపుల్ సంగీతంలో ఇస్లామిక్ ప్రార్థనా పఠనం వినిపించేది. అది బజారులో దొరికే శబ్దపు ముక్కల సీడీ నుంచి వచ్చింది. తరువాతి కార్ట్రిడ్జ్‌లలో నింటెండో ఆ సంగీతాన్ని మార్చింది. కొన్న శబ్దంలో ఏముందో వినాల్సిన బాధ్యత కొన్నవాళ్లదే. ఉచితంగా దొరికేవాటి విషయంలో ఇంకా జాగ్రత్త కావాలి. బార్సిలోనాలోని పాంపెయు ఫాబ్రా విశ్వవిద్యాలయంలో 2005లో మొదలైన ఫ్రీసౌండ్ అనే వెబ్‌సైట్‌లో ఒక శబ్దానికి తయారుచేసినవారి పేరు చెబితే చాలు, మరోదాన్ని వ్యాపారానికి వాడకూడదు. బీబీసీ 2018లో 16,000కు పైగా శబ్దాలను వ్యక్తిగత, విద్యా, పరిశోధనా అవసరాలకు తెరిచింది. అమ్మే గేమ్‌లో వాడాలంటే మాత్రం విడిగా లైసెన్స్ తీసుకోవాల్సిందే.

అనుమతి లేకుండా శబ్దం చేతులు మారిన సందర్భాలూ ఉన్నాయి. రోబ్లాక్స్ అనే ఆన్‌లైన్ గేమ్ వేదికలో పాత్ర చనిపోయినప్పుడు 2022 దాకా వినిపించిన 'ఊఫ్' ఎంతోమంది పిల్లలకు పరిచయమే. అది షైనీ ఎంటర్‌టైన్‌మెంట్ 2000లో విడుదల చేసిన 'మెసయ్య' గేమ్‌లోని శబ్దమని తరువాత బయటపడింది. ఆ గేమ్‌కు పనిచేసిన టామీ టల్లారికో తన హక్కు గురించి మాట్లాడాడు, 2020లో రోబ్లాక్స్‌తో ఒప్పందం కుదిరింది, 2022 జులైలో రోబ్లాక్స్ ఆ శబ్దాన్ని తీసేసి కొత్తది పెట్టింది. అక్కడితో అయిపోలేదు. ఆ శబ్దాన్ని నిజంగా తయారుచేసినది అదే గేమ్‌కు పనిచేసిన సౌండ్ డిజైనర్ జోయీ కురాస్ అన్న వాదన ఆ తరువాత బలంగా ముందుకొచ్చింది. ఇక్కడ నేరం ఆరోపించినవాళ్లు ఏ సంవత్సరపు ఏ గేమ్‌లో ఏ శబ్దమో చూపించగలిగారు, అందుకే ఒప్పందం దాకా వెళ్లింది. తయారీదారు ఎవరన్న ప్రశ్న లేచింది కూడా కొందరు పాత క్రెడిట్లు తిరగేయడం వల్లే. పక్కపక్కన రెండు దృశ్యాలు పెట్టి ఊరుకునే వీడియోలు లైబ్రరీ పేరు వెదకవు, సంవత్సరాలు సరిచూడవు, ఆ శబ్దం కోసం మైకు పట్టుకుని నిలబడినది ఎవరని అడగవు.