సభ్యులు లేని సంఘానికి జేజేలు

ఉత్తరాంధ్ర వెనకబడిందని ఇంకా ఎవరైనా అంటే వాళ్లని జూన్ నెలలో భోగాపురం దాటించి, రణస్థలం వైపు హైవే మీద ఒకసారి తిప్పాలి. అక్కడొక ఫ్యాక్టరీ గేటుకి (పేరెందుకు లెండి, మా మేనల్లుడు అందులోనే చేస్తున్నాడు) రంగురంగుల ఆర్చీ కట్టారు. జూన్ అంటే ఎల్‌జీబీటీ వాళ్ల (గే, లెస్బియన్, బైసెక్సువల్, ట్రాన్స్‌జెండర్ మనుషుల) ప్రైడ్ మాసం మరి. దాని మీద "మీరు ఎలా ఉన్నా మా వారే, అందరికీ స్వాగతం" అని ఉంది. కింద, అంతకంటే పెద్ద అక్షరాల్లో "అనుమతి లేనిదే లోనికి రాకూడదు" అన్న పాత బోర్డు అలాగే ఉంది. రెండూ నిజమే కాబట్టి రెండూ ఉంచేశారు.

ఆ ఫ్లెక్సీ వేసింది విజయనగరం మూడు లాంతర్ల దగ్గర డీటీపీ కుర్రాడు. హెడ్డాఫీసు పంపిన ప్రైడ్ జెండాలో ఆరు రంగులే ఉన్నాయి. ఇంద్రధనుస్సుకి ఏడని బళ్లో చదువుకున్నవాడు ఊరుకుంటాడా? పెద్దవాళ్ల పొరపాటు సరిదిద్ది, ఏడో రంగు ఉచితంగా వేసి, మధ్యలో ఖాళీ బాగోలేదని జీఎం గారు చేతులు జోడించిన ఫొటో పెట్టాడు. వాడినేం అనకూడదు. 1978లో శాన్‌ఫ్రాన్సిస్కోలో గిల్బర్ట్ బేకర్ ఆ జెండా తయారుచేసినప్పుడు ఎనిమిది రంగులుండేవి. ముదురు గులాబీ గుడ్డ సరిపడా దొరక్క ఒకటి పోయింది, మరుసటి ఏడాదికి ఇంకోటి పోయింది, ఆరు మిగిలాయి. అమెరికా పోగొట్టుకున్న రెండింట్లో ఒకటి మనవాడు రాబట్టాడు.

ఇక సంఘం సంగతి. ఎల్‌జీబీటీ ఉద్యోగుల నెట్‌వర్క్ ప్రతి యూనిట్‌లోనూ ఈ నెలాఖరులోగా ఏర్పడి తీరాలని బెంగళూరు నుంచి మెయిల్ వచ్చింది. మనవాళ్లు ఒక్క పూటలో ఏర్పరిచారు. అధ్యక్షులు జీఎం గారు. ఉపాధ్యక్షులు సేఫ్టీ మేనేజరు, ఎందుకంటే ఇందులోనూ ఏదో ప్రమాదం ఉంటుందని ఆయన అనుమానం. కార్యదర్శి హెచ్‌ఆర్ ఆయన. సమోసాల బిల్లు పాస్ చేయాలి కాబట్టి కోశాధికారిగా అకౌంట్సాయన. మినిట్స్ పుస్తకం ఉంది, రబ్బరు స్టాంపు ఉంది, గుండెల మీద పెట్టుకోవడానికి "నేను మీకు తోడు" అని బ్యాడ్జీలు ఉన్నాయి. సభ్యులు మాత్రం లేరు.

దీన్ని లోపమని కొందరు గొణుగుతున్నారు. వాళ్లకి చరిత్ర తెలియదు. ఇలాంటి ఉద్యోగుల బృందాలు 1970లో అమెరికాలో జిరాక్స్ కంపెనీలో నల్లజాతి ఉద్యోగులు కూడగట్టుకున్నదాంతో మొదలయ్యాయంటారు. తర్వాత గే, లెస్బియన్ ఉద్యోగులూ ఆ దారే పట్టారు. ప్రమోషన్లు రాక, చెప్పుకునే చోటు లేక, పని అయ్యాక ఒకరి ఇంట్లో ఒకరు కూర్చుని మాట్లాడుకుని, ఆనక యాజమాన్యం తలుపు తట్టారు. చూశారా ఎంత కాలయాపనో! ముందు బాధ, తర్వాత మనుషులు, ఆ తర్వాత సంఘం, అందరికంటే ఆఖర్న మేనేజరు. మన దగ్గర మేనేజరుతో మొదలుపెట్టేశాం. మిగతావి దొరికితే చేర్చుకుంటాం.

దొరకడానికి ఫారం కూడా పంచారు. నేను కళ్లారా చూశాను. "మీరు ఎల్‌జీబీటీ వర్గానికి చెందినవారా? అవును / కాదు." కింద "వివరాలు అత్యంత గోప్యంగా ఉంచబడును." దాని కింద "సెక్షన్ ఇన్‌చార్జి సంతకం, స్టాంపు." మూడు కాపీలు. ఒక కాపీ నోటీసు బోర్డు ఫైలులోకి.

ఓ కుర్రాడు ఆ ఫారం పట్టుకుని హెచ్‌ఆర్ గదిలోకి వెళ్లాడు. "సార్, ఇది ఇంటికి గానీ తెలుస్తుందా?"

"మీదే ఊరు బాబూ?"

"చీపురుపల్లి పక్కన సార్."

"చీపురుపల్లా! ఎవరి తాలూకు?"

చెప్పాడు.

"ఓర్నీ, మాస్టారి అబ్బాయివా! మీ నాన్నగారూ మా తోడల్లుడూ ఒకే బళ్లో చేశారు కదా. నీకేటి భయం, ఇది పరమ రహస్యం. ఇంతకీ ఈ డౌటు ఎందుకొచ్చింది?"

డౌటు తీరిపోయిందని కుర్రాడు "కాదు" మీద టిక్కు పెట్టి వచ్చేశాడు. సాయంత్రం షిఫ్టు బస్సు ఎక్కేలోపే అమ్మ ఫోను. "ఏట్రా నాన్నా, ఆఫీసులో ఏదో ఫారం గురించి అడిగావంట. ఒంట్లో బాగానే ఉందా?"

హెచ్‌ఆర్ ఆయన చెడ్డవాడు కాదండీ. నిజంగానే ఎవరికీ చెప్పలేదు, ఒక్క తోడల్లుడికి తప్ప. పక్క ఫ్లాటులో ఎవరున్నారో తెలియని నగరాల్లో తయారుచేసిన పథకాన్ని, ఇంటిపేరు చెప్పగానే మూడు తరాలు చదివేసే చోటికి కొరియర్‌లో పంపిస్తే ఇలాగే ఉంటుంది. నా సూచన ఒక్కటే, ఇది మాత్రం వ్యంగ్యం కాదు: ఇలాంటి మాట చెప్పుకోవాల్సిన మనిషికి ఇచ్ఛాపురం నుంచి కొత్తవలస దాకా ఒక్క చుట్టం కూడా ఉండకూడదు. రాయలసీమ నుంచి తెప్పించండి, ఖర్చు సమోసాల పద్దులో రాయండి.

అన్ని ఫారాల్లోనూ "కాదు" అనే వచ్చాక జీఎం గారు హెడ్డాఫీసుకి నివేదిక రాశారు. మా జిల్లాల్లో అలాంటివాళ్లు లేరు, నాగావళి నీళ్లు వంశధార నీళ్లు తాగినవాళ్లకి అవి రావు అని దాని సారాంశం. బ్రిటిషువాళ్లు 1860లో శిక్షాస్మృతిలో రాసిపెట్టిన 377వ సెక్షన్‌ని పట్టుకుని, ఇష్టపడి కలిసిన ఇద్దరు వయోజనులను, ఇద్దరూ మగవాళ్లయినా ఆడవాళ్లయినా, నేరస్థులనకూడదని సుప్రీంకోర్టు చెప్పడానికి 2018 సెప్టెంబరు 6 దాకా పట్టింది. అంతటి విషయాన్ని మా క్యాంటీన్ ఒక్క టీతో తేల్చేసింది.

నివేదిక అందుకున్న బెంగళూరు శాఖలో సభ్యులు దండిగా ఉన్నారట. వాళ్లలో ఒకడిది బొబ్బిలి, ఒకామెది పలాస. ఈ జిల్లాల నుంచి జనం కూలికీ చదువుకీ వలస పోతారని ఎన్నేళ్లుగానో రాస్తున్నాం. పెళ్లి మాట తప్పించుకోవడానికి రైలెక్కినవాళ్లను కూడా అందులోనే కలిపేశాం, విడిగా గడి లేదు కనుక.

ఆ పెళ్లి మాట గురించి చెప్పాలి. ప్రతి ఆఫీసు క్యాంటీన్‌లోనూ రిజిస్ట్రేషన్ లేని పెళ్లిళ్ల బ్యూరో ఒకటి నడుస్తుంది. క్యారియర్ మూత తీయగానే మొదలు: "పప్పన్నం ఎప్పుడు పెడతావ్?" ముప్పై దాటితే ఈ ప్రశ్న పూటకోసారి. నలభైకి దగ్గరపడితే అడగడం మానేసి జాలిపడతారు, అది ఇంకా కష్టం. "మా పెద్దమ్మ మనవరాలు ఉంది, బీఎడ్ చేసింది, నువ్వు ఊ అను" అని వెంటపడేవాళ్ల చొక్కా మీదే "నేను మీకు తోడు" బ్యాడ్జీ మిలమిలలాడుతోంది. తోడు అంటే ఆయన ఉద్దేశం అదే మరి, తోడు చూసిపెట్టడం. ఈ దాడిని తట్టుకోవడానికి మా మేనల్లుడి సెక్షన్‌లో ఒకడు మూడేళ్లుగా జాతక దోషం నటిస్తున్నాడట. రాహువు చేసిన మేలు ఏ హెచ్‌ఆర్ పాలసీ చేయలేదు.

అలాగని మనవాళ్లకి ఛాందసం అంటగడితే ఒప్పుకోను. తూర్పు భాగవతం చూడండి. మద్దెల మోగుతుంటే మగవాడు సత్యభామ వేషంలో జడ ముందుకేసుకుని వచ్చి రాత్రంతా ఆడతాడు, ఊరు ఊరంతా ఈలలు వేసి రూపాయి నోట్లు చదివిస్తుంది. ఆ ఈలలు వేసినాయనే పొద్దున షిఫ్టుకి వచ్చి, పక్కసీటు కుర్రాడు చేతులు కాస్త తిప్పి మాట్లాడాడని పేరు పెట్టి పిలుస్తాడు. కుర్రాడి తప్పు కూడా ఉందనుకోండి, మేకప్ వేసుకోకుండా డ్యూటీకి వచ్చాడు.

ఇవన్నీ ఒక ఎత్తు, ప్యాకింగ్ సెక్షన్ ఉద్యోగం ఒక ఎత్తు. కిందటేడు కొత్త యూనిట్ తెరిచినప్పుడు ఆమదాలవలస వైపు నుంచి ఒక ట్రాన్స్ మహిళని పిలిపించి దిష్టి తీయించారు. ఆమె రూపాయి బిళ్ల కొరికి ఇస్తే జీఎం గారు కళ్లకద్దుకుని పర్సులో దాచుకున్నారు. ఈ జూన్‌లో ఆర్చీ మీది స్వాగతం చదివి, అదే మనిషి డిగ్రీ సర్టిఫికెట్ పట్టుకుని ఇంటర్వ్యూకి వచ్చింది. హెచ్‌ఆర్ ఆయన తడబడ్డాడు. "బాబూ... అదే, అమ్మా... మిమ్మల్ని ఏమని పిలవాలి?"

"అమ్మా అనే అనండి సార్. దిష్టి తీసిన రోజు అలాగే పిలిచారు."

ఆమెకి ఉద్యోగం ఇవ్వడానికి యాజమాన్యానికి అభ్యంతరం ఏమీ లేదు, మరుగుదొడ్డి ఒక్కటే అడ్డం. దాని మీద భోజనాల దాకా మీటింగ్ నడిచింది. ఆడవాళ్లదాంట్లోకి పంపితే ఆడవాళ్లు ఏమంటారో అన్నారు, ఆడవాళ్లను మాత్రం అడగలేదు. అడిగి ఉంటే మా మేనల్లుడి పక్కన చేసే అక్క ఒక మాట చెప్పేది: ముందు అందులో నీళ్లు రప్పించండి, తర్వాత ఎవరొస్తే ఏమిటి అని. ఇంతా చేసి రెండో అంతస్తులో ఒక మరుగుదొడ్డి ఖాళీగానే ఉంది. తలుపు మీద ఆడబొమ్మా లేదు, మగబొమ్మా లేదు, "వీఐపీ" అని ఉంది. ఏడాదికోసారి వచ్చే ఎండీ గారి కోసం తాళం వేసి ఉంచుతారు. కంపెనీ స్థాపించిన నాటి నుంచీ అది అందరికీ పనికొచ్చే మరుగుదొడ్డే, ఎండీ గారిని మీరు ఆడా మగా అని ఇంతవరకు ఎవరూ అడగలేదు.

2019 నాటి ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల హక్కుల చట్టం 9వ సెక్షన్ ప్రకారం నియామకాల్లో, ప్రమోషన్లలో వివక్ష చూపకూడదు. 11వ సెక్షన్ ప్రకారం ప్రతి సంస్థలోనూ ఫిర్యాదుల అధికారి ఉండాలి. 2020లో వచ్చిన నిబంధనలైతే సమాన అవకాశాల విధానం రాసి అందరికీ కనిపించేలా పెట్టమన్నాయి, మరుగుదొడ్ల ఏర్పాటుతో సహా. పెట్టారు. నోటీసు బోర్డు మీద గురువారం గుడ్డు కూర ఉండదన్న ప్రకటన కింద అది కనిపిస్తూనే ఉంది. ఫిర్యాదుల అధికారి కూడా ఉన్నారు. పీఎఫ్, బస్సు పాసులు, క్యాంటీన్, మహిళల ఫిర్యాదులు చూసే ఆయనే. చీపురుపల్లిలో తోడల్లుడు ఉన్నది కూడా ఆయనకే.

ఆమెకి ఆయన ఇచ్చిన సలహా మాత్రం పెద్దమనసుతో ఇచ్చిందే. "మీకు గవర్నమెంటు నెలకి 4,000 పెన్షన్ ఇస్తోంది కదమ్మా, ఈ షిఫ్టుల తిప్పలు దేనికి?" ఈ లెక్కన డబ్బు చేతికొచ్చేవాళ్లెవరూ పనికి రానక్కర్లేదంటే, ఇంటి అద్దెలు వసూలు చేసుకునే మా జీఎం గారు ఎప్పుడో ఇంట్లో ఉండాల్సింది.

అద్దె అంటే గుర్తొచ్చింది. 2017లో కొచ్చి మెట్రో 23 మంది ట్రాన్స్‌జెండర్లకు ఉద్యోగాలిచ్చి దేశమంతా శభాష్ అనిపించుకుంది. కొందరు మొదట్లోనే మానేశారు. పని రాక కాదు, ఆ ఊళ్లో వాళ్లకి ఎవరూ ఇల్లు అద్దెకివ్వక. మన టౌనులో మామూలు బ్రహ్మచారికే గది దొరకదు. "ఫ్యామిలీయేనా? చుట్టాలు వస్తారా? కోడికూర వండుతారా?" దాటుకుని వెళ్లేసరికి వయసైపోతుంది.

అయినా గది దొరికిన ఇద్దరు మగవాళ్ల సంగతి నాకు తెలుసు. ఏళ్ల తరబడి ఒకే ఇంట్లో ఉంటున్నారు. ఊరికి స్నేహితులు, ఓనరుకి ఖర్చు కలిసొస్తుందని ఉంటున్నవాళ్లు. ఒకరికి ఆపరేషన్ చేయాల్సి వచ్చినప్పుడు సంతకానికి రెండోవాడు ముందుకొస్తే, మీరేమవుతారని అడిగారు. తెల్లవారుజామున పాలకొండ నుంచి అన్నయ్య వచ్చి, ఆరేళ్లుగా మాటల్లేని అన్నయ్య, సంతకం పెట్టి మధ్యాహ్నం బస్సుకి వెళ్లిపోయాడు. 2023 అక్టోబరు 17న సుప్రీంకోర్టు ఇలాంటివాళ్లకి పెళ్లి హక్కు తాము ఇవ్వలేమని, అది చట్టసభల పని అని చెప్పింది. సరే, పెళ్లి అలా ఉంచండి. 2024 ఆగస్టులో కేంద్ర ఆర్థిక శాఖ ఇలాంటి జంటల బ్యాంకు జాయింట్ ఖాతాకీ నామినీకీ అడ్డు లేదని స్పష్టం చేసింది. టాటా స్టీల్ అయితే 2019లోనే, ఉద్యోగి ఎవరిని భాగస్వామిగా చెబితే వాళ్లకి సౌకర్యాలు వర్తింపజేసింది. మన ఫ్యాక్టరీ గ్రూపు ఇన్సూరెన్సులో అత్తమామలకు కూడా చోటుంది. పెళ్లానితో మాట్లాడనివాడి మామగారికి కంటి ఆపరేషన్ ఉచితం. ఏళ్లుగా కలిసి వండుకు తిన్న మనిషి విషయం మాత్రం హెడ్డాఫీసుని అడిగి చెబుతామన్నారు. జులై వచ్చింది కాబట్టి ఇక అడగరు.

కానీ అసలు వార్త ఇప్పుడొచ్చింది. అన్ని యూనిట్లలోకీ ఉత్తమ సమ్మిళిత యూనిట్ అవార్డుకి మనది పోటీ పడుతోంది. దరఖాస్తులో "మీ నెట్‌వర్క్ వల్ల ఎంతమందికి మేలు జరిగింది?" అన్న గడి దగ్గర కమిటీ కాసేపు ఆగింది. అప్పుడు కోశాధికారి గారు బిల్లు తీసి చూపించారు. మొత్తం ఉద్యోగుల సంఖ్యే వేశారు, ఎందుకంటే సమోసా ఎవరికీ తప్పలేదు. ఆ రోజు సెలవులో ఉన్న ఇద్దరిని నిజాయితీగా తీసేశారట.