మంచి మొగుడైతే మంచి ప్రెసిడెంటా?

ఎన్నికలొస్తే ఇక్కడ అమెరికాలో మన తెలుగువాళ్ల కబుర్లలో మొదట వచ్చే ప్రశ్న, "మనిషి మంచివాడేనా?" అంటే పెళ్లాం పిల్లలతో బాగుంటాడా, తాగుతాడా, ఇంకెవరితోనైనా తిరిగాడా అని. ఆ లెక్కన చూస్తే మనకు ఈ దేశం తలుపు తీసిన ప్రెసిడెంటుకు పాస్ మార్కులు కూడా రావు.

లిండన్ జాన్సన్ నోటి దురుసు గురించీ, ఆడవాళ్ల విషయంలో ఆయన తీరు గురించీ జీవితచరిత్రలు రాసినవాళ్లు ఏమీ దాచలేదు. 1965 అక్టోబరు 3న స్టాట్యూ ఆఫ్ లిబర్టీ దగ్గర కూర్చుని ఇమ్మిగ్రేషన్ చట్టం మీద సంతకం పెట్టింది ఆయనే. అంతకుముందు భారతదేశానికి ఉన్న కోటా ఏడాదికి 100 మంది. వందే! డాక్టర్లుగా, ఇంజనీర్లుగా వచ్చిన మన పెద్దల్లో ఎక్కువమంది ఆ సంతకం తర్వాతే ఇక్కడ దిగారు. అదే ఏడాది మార్చిలో వియత్నాంకు పోరాట దళాలను పంపిందీ ఆయనే. ఆ యుద్ధంలో 58 వేలకు పైగా అమెరికన్ సైనికులు, లక్షల్లో వియత్నాం జనం చచ్చిపోయారు. జాన్సన్‌ను తిట్టాల్సి వస్తే నేను అందుకు తిడతాను.

పెద్ద బుష్ (జార్జ్ హెచ్.డబ్ల్యు. బుష్) రెండో ప్రపంచ యుద్ధంలో పైలట్, భార్యతో 73 ఏళ్ల కాపురం, మర్యాదస్తుడని పేరు. 1990లో ఆయన సంతకం చేసిన చట్టమే నైపుణ్యమున్న విదేశీ ఉద్యోగులకిచ్చే హెచ్-1బి వీసా తెచ్చింది. ఇక్కడ శాశ్వతంగా ఉండనిచ్చే గ్రీన్ కార్డుల్లో ఒక దేశానికి 7 శాతం మించకూడదన్న పరిమితి పెట్టిందీ అదే. ఆ పరిమితి వల్ల గ్రీన్ కార్డు క్యూలో ఏళ్ల తరబడి ఉన్న మనవాళ్లకు ఆయన కాపురం ఎంత చక్కనిదైతే ఏం? (చట్టం రాసేది కాంగ్రెసే, నిజమే. మనం కాంగ్రెస్ సభ్యుల పేర్లు కూడా సరిగ్గా తెలుసుకోం, అది వేరే బాధ.)

క్లింటన్ సంగతి ఇంత సులువుగా తేలదు. 1998 డిసెంబరులో ప్రతినిధుల సభ మోపిన నేరాలు రెండు: ఒక అమ్మాయితో తన సంబంధం గురించి ప్రమాణం చేసి అబద్ధం చెప్పడం, న్యాయానికి అడ్డుపడడం. 1999 ఫిబ్రవరిలో సెనేట్ నిర్దోషిగా వదిలేసింది. ఆయన కాపురం సంగతి భార్య హిల్లరీ చూసుకుంటుంది. కానీ వైట్‌హౌస్‌కు ఇంటర్న్‌గా వచ్చిన ఇరవై రెండేళ్ల అమ్మాయితో ప్రెసిడెంట్ సంబంధం పెట్టుకుంటే, అది బాస్ తన కుర్చీని వాడుకోవడమే. దాన్ని ఇంటి గొడవల్లో కలపను. అప్పట్లో జోకులు మాత్రం ఆ అమ్మాయి మీదే పేలాయి. 2000 అక్టోబరులో ఆయన సంతకం చేసిన చట్టం వల్లే హెచ్-1బి మీద ఉన్నవాళ్లు కొత్త కంపెనీ పిటిషన్ వేయగానే ఉద్యోగం మారగలుగుతున్నారు, గ్రీన్ కార్డు పని నడుస్తుంటే హెచ్-1బికున్న ఆరేళ్ల గడువు దాటినా ఎక్స్‌టెన్షన్ తెచ్చుకుంటున్నారు. ఆ మేలు చూపించి ఈ తప్పు మాఫీ చేయమంటే నేను ఒప్పుకోను.

మన సభలకు వచ్చే అభ్యర్థులు ఫ్యామిలీ వాల్యూస్ అంటారు, మనం చప్పట్లు కొట్టి సెల్ఫీలు దిగుతాం. ఈసారి మైకు దొరికితే, ఆ 7 శాతం పరిమితి మీద మీ ఓటు ఎటని అడగండి. వాళ్ల ఆఫీసులో పనిచేసి మానేసినవాళ్లు ఏమంటున్నారో కూడా కాస్త కనుక్కోండి.